కొండ మీదికి ఖాళీ ట్యాంకుతో

మెల్‌బోర్న్‌కు ఉత్తరాన క్యాంబెల్‌ఫీల్డ్‌లో, మోటార్‌హోములు అద్దెకిచ్చే యార్డులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. పోయిన శీతాకాలం ముగిశాక మానేశాను. మోటార్‌హోమ్ చూడనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. మినీబస్సంత బండి అది. లోపల మంచాలు, పొయ్యి, సింకు, స్నానాలగది ఉంటాయి. కుటుంబమంతా అందులోనే వండుకుని తిని, అందులోనే పడుకుని, ఊళ్ళు తిరుగుతుంది. అద్దెకు పోయే బండిని సరిచూడడం, తిరిగొచ్చిన బండిని బాగుచేయడం మా పని. నీళ్ళ పైపులు, పంపులు, ట్యాంకులు నా చేతిలో ఉండేవి.

ఒంగోలులో పాలిటెక్నిక్ చదివాను, మెకానికల్. మా వారి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, మొదట ఇదే యార్డులో బండ్లు కడిగే పనికి చేరాను. కడుగుతూ కడుగుతూ అడుగున ఏ పైపు ఎటు పోతోందో చూడడం అలవాటైంది. ఆ తరవాత పానా నా చేతికొచ్చింది. ఆ పైన జీతం ఎలా పెరిగింది, హోదా ఎలా మారింది అన్నది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు కాబట్టి వదిలేస్తున్నాను.

మా క్రెయిగీబర్న్ చర్చిలో ఇద్దరు కుర్రాళ్ళు ఈమధ్యే ఈ పనిలోకి వచ్చారు. “ఆంటీ, కోర్సులో టూల్స్ గురించి చెప్తున్నారు గానీ, జాబ్ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పట్లేదు” అన్నారు. అందుకే రాస్తున్నాను. ఈ పనిలో నాకు బాగా తెలిసింది చలి. ఆస్ట్రేలియాలో చలేమిటి అని మనవాళ్ళు నవ్వుతారు. జులైలో, అంటే ఇక్కడ నడి చలికాలంలో, మంచు కప్పే హోథమ్ కొండ ఎక్కి చూడమనండి.

నీళ్ళు దాక్కునే చోట్లు

నా మొదటి శీతాకాలంలో ఒక ముసలి దంపతులు మంచు కొండల నుంచి బండి తిరిగి తెచ్చారు. ప్రయాణం అద్భుతంగా సాగిందని, ఒక ఉదయం మాత్రం కుళాయిలు గడ్డకట్టాయని నవ్వుతూ చెప్పి వెళ్ళిపోయారు. బండిని యార్డులో ఎండకు నిలబెట్టాం. మధ్యాహ్నానికి మెట్టు మీద నుంచి నీళ్ళు కారడం మొదలైంది. తలుపు తీస్తే లోపల పరుపు అంచు దాకా తడి. స్నానాలగది గోడ వెనక పైపు వంపులో వెంట్రుకంత చీలిక కనబడింది.

నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. పైపు చీలేది నీళ్ళు గడ్డకట్టినప్పుడు. ఆ సంగతి బయటపడేది మంచు కరిగినప్పుడు. మంచు ఉన్నంతసేపూ తన చీలికను తానే మూసి ఉంచుతుంది. అందుకని చలి నుంచి వచ్చిన బండికి పంపు స్విచ్ వేసేముందు అల్మారాలన్నీ తెరిచి, ఒక గుడ్డ పట్టుకుని పైపుల వెంట చెయ్యి పోనివ్వండి. పంపు వేశాక కుళాయిలన్నీ కట్టేసి వినండి. పంపు కాసేపటికి తనంతట తాను ఆగాలి. ఆగకుండా ఉండుండి ఉలిక్కిపడుతూ ఉంటే నీళ్ళు ఎటో పోతున్నాయన్నమాట.

ట్యాంకు ఖాళీ చేశాం కదా, ఇక భయం లేదనుకునేవాళ్ళు చాలామంది. ట్యాంకులో నీళ్ళు పెద్ద మొత్తం కాబట్టి అవి గడ్డకట్టడానికి సమయం పడుతుంది. ముందు దెబ్బతినేవి చిన్నవి: పంపు పక్కన జల్లెడ ఉండే గాజులాంటి గిన్నె, కాళ్ళు కడుక్కోవడానికి బండి బయట పెట్టే షవరు, టాయిలెట్‌కు నీళ్ళిచ్చే సన్న గొట్టం. ఇలాంటి బండ్లు రాత్రిపూట ఆపుకునే కారవాన్ పార్కులో కుళాయికి తగిలించే హోసు అన్నిటికంటే ముందు బిగుసుకుంటుంది. బయట నేల మీద పడి ఉండేది అదే మరి. వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి ఇచ్చే కుళాయిని ఒకవైపే తిప్పి వదిలితే రెండోవైపు పైపులో నీళ్ళు అలాగే నిలబడిపోతాయి. దాన్ని నడిమధ్యన తెరిచి ఉంచాలి. అడుగున ఉండే వాల్వు తీశాక బండిని కాస్త ముందుకు, కాస్త వెనక్కి వాల్చాలి. ఇంత చేసినా వంపుల్లో గుక్కెడు నీళ్ళు మిగులుతాయి. మిగిలితే మిగలనివ్వండి, పక్కన ఖాళీ ఉంటే అవి ఉబ్బడానికి చోటు దొరుకుతుంది. నిండుగా ఉన్న పైపుకే ప్రమాదం.

పైపులకు స్పాంజిలాంటి ఫోమ్ తొడుగులు చుట్టేసి నిశ్చింతగా పడుకునేవాళ్ళనూ చూశాను. తొడుగు వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది, కొత్తగా వేడిని పుట్టించదు. లోపల ఉన్న కాస్త వేడీ తెల్లవారేలోగా అయిపోతుంది. కొండ ఎక్కుతున్నప్పుడు బండి అడుగున కొట్టే గాలి ఇంకా చెడ్డది. డ్రైవరు సీటు దగ్గర వెచ్చగా ఉంటుంది, వెనక కింది పైపులు మాత్రం గాలికి నిలువునా చల్లబడిపోతాయి. కారు ఇంజనులో పోసే కూలెంట్ తెచ్చి నీళ్ళ ట్యాంకులో పోద్దామా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. అది విషం. తాగే నీళ్ళ పైపుల్లోకి దాన్ని వెళ్ళనివ్వకూడదు. ఈ విషయంలో మొహమాటపడకుండా గట్టిగా చెప్పండి.

గ్రెగ్ మాట

మా యార్డు యజమాని పేరు గ్రెగ్. ఒకప్పుడు లారీ డ్రైవరు. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. బండి తీసుకోవడానికి భయంభయంగా వచ్చినవాళ్ళు, ఆయనతో కాసేపు మాట్లాడితే దేశమంతా చుట్టి వచ్చేంత ధైర్యంతో వెళ్ళేవాళ్ళు. నేను పనిచేసినవాళ్ళలో ఆయనంత మంచి యజమాని లేడు. మా అబ్బాయికి ఆపరేషనైతే నన్ను ఇంట్లో ఉండమని చెప్పి, ఒళ్ళంతా గ్రీజు పూసుకుని నా పని తానే చేశాడు.

చలికాలంలో బండి అప్పగించేటప్పుడు ఆయన ఒకే మాట చెప్పేవాడు. “లోపల వెచ్చగా, టోస్టీగా ఉంచుకోండి. పైపులు వాటంతటవే బాగుంటాయి.”

నాకు ఆ మాట నచ్చేది కాదు. “గ్రెగ్, సగం పైపులు బండి అడుగున, బయట ఉన్నాయి. లోపల ఎంత వెచ్చగా ఉన్నా వాటికేం తెలుస్తుంది? మంచు కొండలకు పోయే బండ్లకు నీళ్ళు మొత్తం తీసేద్దాం. తాగడానికీ కడగడానికీ డబ్బాల్లో పోసి ఇద్దాం. అవి లోపలే ఉంటాయి, గడ్డకట్టవు” అన్నాను ఒకసారి.

“రత్నా, డబ్బాలో నీళ్ళు ముంచుకోవాలంటే వాళ్ళు టెంటు వేసుకుంటారు. మోటార్‌హోము ఎందుకు మేట్? కుళాయి తిప్పితే నీళ్ళు రావాలనే కదా మన దగ్గరికి వచ్చేది!”

అందులోనూ నిజం ఉంది. కాబట్టి ఏటా ఒకటి రెండు బండ్లు పైపులు చీలి తిరిగి రావడం, నేను వాటిని మార్చడం సాగిపోతూ వచ్చింది. ఆయనా నేనూ వాదించుకున్నదంతా పైపుల గురించే. ఆ వెచ్చని బండిలో పడుకునే మనుషుల గురించి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

సింధు ఫోను

ఒక ఏడాది జులైలో శనివారం ఉదయం యార్డులో ఫోను మోగింది. నేనే తీశాను.

“రత్నా ఆంటీయేనా? నేను సింధునండీ, వెర్రిబీ నుంచి. నిన్న మీ దగ్గర వ్యాన్ పికప్ చేసుకున్నాం కదా.”

గుర్తుంది. సింధు, భర్త కిరణ్, ఏడేళ్ళ కూతురు అన్వి. వాళ్ళతో పాటు రాజమండ్రి నుంచి వచ్చిన సింధు నాన్నగారు సుబ్బారావు గారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మంచు చూడాలని ఆయన అడిగితే బయల్దేరారు. బండి తీసుకునేటప్పుడు ఆయన లోపలికి ఎక్కి, పొయ్యినీ పరుపునూ తడిమి చూసి, “సర్వీసంతా ఇలాంటి బస్సు మీద డ్యూటీ ఎయ్యలేదు గదమ్మా నాకు” అని నన్ను నవ్వించారు. ముందురోజు సాయంత్రం వాళ్ళు హోథమ్ కొండ కింద హారియట్‌విల్ దగ్గర ఒక కారవాన్ పార్కులో దిగారు.

“చెప్పమ్మా, ఎలా ఉంది?”

“ట్యాప్స్‌లో వాటర్ రావట్లేదు ఆంటీ. పంపు గుయ్‌మంటోంది గానీ డ్రాప్ కూడా లేదు.”

“గడ్డకట్టింది. ముందు పంపు ఆపెయ్యండి, లేకపోతే కాలిపోద్ది. కుళాయిలు తెరిచి వదిలెయ్యండి. ఎండెక్కితే అదే కరుగుద్ది. కంగారేం లేదు.”

“కరిగించడానికే ట్రై చేస్తున్నాం. తెల్లారిన దగ్గర్నుంచీ స్టవ్ రెండు బర్నర్లూ ఆన్‌లోనే ఉంచాం. లోపల బాగా టోస్టీగానే ఉంది. కిరణ్ కిందున్న వెంట్స్ కూడా టవల్స్‌తో క్లోజ్ చేశాడు, చల్లగాలి డైరెక్ట్‌గా పైపుల మీదకి కొడుతోందని.”

నా చేతిలో ఉన్న పానా బల్ల మీద పెట్టేశాను. ఆ బండ్లలో తలుపు కింద, పొయ్యి పక్కన, కప్పులో గాలి కంతలు ఉంటాయి. అవి మూసే వీల్లేకుండా ఎప్పుడూ తెరిచే ఉంటాయి. చూసేవాళ్ళకు అదేదో బండి తయారీలో లోపంలా కనబడుతుంది. కానీ పొయ్యి మండే ఇరుకు గదిలో ఊపిరి ఆడేది వాటి వల్లే.

“పైన కప్పులో ఉన్నదో?”

“దానికీ టేప్ వేశాం.”

“సింధూ, అందరూ ఎలా ఉన్నారు?”

“బానే ఉన్నాం ఆంటీ. కొంచెం హెడేక్ అంతే, అందరికీ. కోల్డ్ కదా. నాన్న ఇంకా లేవలేదు. జర్నీ చేశారు కదా, టయర్డ్ అయ్యుంటారు.”

వెనక నుంచి అన్వి గొంతు వినబడింది. “మమ్, ఐ ఫీల్ సిక్.”

ఇంట్లో ఒకరికి తలనొప్పి వస్తే జలుబు అనుకోవచ్చు. అందరికీ ఒకేసారి తలనొప్పి, కడుపులో తిప్పడం, ఒకరు నిద్ర లేవకపోవడం అంటే అది గాలి. గాలి చాలక పొయ్యి సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మత్తుగా నిద్రలోకి దింపుతుంది.

“సింధూ, నేను చెప్పింది వెంటనే చెయ్యి. ఫోను పెట్టెయ్యొద్దు. తలుపు బార్లా తీసి పాపను ఎత్తుకుని బయటికి దిగు. ఇప్పుడే.”

“బయట ఫ్రీజింగ్ ఆంటీ, దాని జాకెట్...”

“జాకెట్ వద్దు! దిగు ముందు! కిరణ్‌ని స్టవ్ కట్టేసి మీ నాన్నను బయటికి లాగమను. లోపల గాలి విషమైంది. దిగు తల్లీ!”

తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. పాప ఏడుపు. “కిరణ్! నాన్నని తీసుకురా! కిరణ్!” అని సింధు అరుపు. ఆ తరవాత ఏదో బరువుగా పడిన శబ్దం. సుబ్బారావు గారిని లేపబోయి కిరణ్‌కే కాళ్ళు తేలిపోయి తలుపు దగ్గర కూలబడ్డాడట. అది నాకు తరవాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, లోపల ఇద్దరున్నారు.

“సింధూ, నువ్వు మళ్ళీ లోపలికి పోవద్దు. గట్టిగా అరువు. పక్క వ్యాన్లవాళ్ళను పిలువు. హెల్ప్ అని అరువు.”

ఆమె అరిచింది. ఆ గొంతు నాకు ఇంకా గుర్తే. కాసేపటికి మగ గొంతులు వినిపించాయి, ఆస్ట్రేలియావాళ్ళవి. “ఐవ్ గాట్ హిమ్, ఐవ్ గాట్ హిమ్” అంటున్నారు. ఎవరో ట్రిపుల్ జీరోకు ఫోను చేసి అంబులెన్సు అడుగుతున్నారు. నేను ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. గ్రెగ్ లోపలికి వచ్చి, నా మొహం చూసి, పక్కనే నిలబడ్డాడు.

“ఆంటీ, నాన్న కళ్ళు తెరవట్లేదు.”

“ఊపిరి ఉందా? ఛాతీ చూడు.”

“ఉంది. ఉంది, మెల్లగా.”

“పక్కకు తిప్పి పడుకోబెట్టు. చల్లగాలి తగలనివ్వు. దుప్పటి కప్పు గానీ మొహం మీద వద్దు. మాట్లాడుతూ ఉండు ఆయనతో.”

“నాన్నా, నాన్నా, నేను సింధుని, లే నాన్నా...” అదే మాట మళ్ళీ మళ్ళీ. ఆ గడ్డి మీద ఎంతసేపు అలా గడిచిందో నేను చెప్పలేను. ఆఖరికి ఒక దగ్గు, వాంతి అయిన చప్పుడు, ఆ వెంటే బొంగురుపోయిన గొంతు వినబడ్డాయి.

“ఏ ఊరొచ్చిందే?”

సింధు నవ్వలేక ఏడవలేక వెక్కింది.

హ్యూమ్ రోడ్డు మీద

ఆ గంటలోనే గ్రెగ్, నేను వాళ్ళను చేర్చిన ఆసుపత్రికి ఆయన కారులో బయల్దేరి హ్యూమ్ హైవే ఎక్కాం. ఆయన నడుపుతున్నాడు.

ఆ వారాంతం మా బండ్లు ఇంకా కొన్ని కొండల మీదున్నాయి. నేను పక్క సీట్లో కూర్చుని, ఒక్కొక్కరికీ ఫోను చేశాను. పొయ్యి వెలిగించి పడుకోవద్దు, గాలి కంతలు మూయొద్దు, నీళ్ళు గడ్డకడితే కట్టనివ్వండి అని చెప్పాను. చాలామంది థాంక్స్ చెప్పి పెట్టేశారు. జిందబైన్ దగ్గరున్న ఒకాయన మాత్రం నవ్వాడు. “మేం చిన్నపిల్లలం కాదమ్మా” అన్నాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, “మేము కూడా తలుపు కిందదానికి దుప్పటి కుక్కాం. ఇప్పుడే తీసేస్తాను” అన్నాడు. ఆ మాట గ్రెగ్ కూడా విన్నాడు.

ఆసుపత్రిలో సుబ్బారావు గారికి మొహానికి మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తున్నారు. మాట స్పష్టంగా ఉంది, ప్రమాదం దాటిందని డాక్టరు చెప్పింది. అన్వి పక్క మంచం మీద కూర్చుని జ్యూసు తాగుతోంది. కిరణ్ కారిడారులో తల పట్టుకుని ఉన్నాడు.

“నేనే పెట్టాను ఆంటీ ఆ టవల్స్. లాస్ట్‌కి మామయ్యగారిని బయటికి తేలేకపోయాను కూడా” అన్నాడు.

సింధు నన్ను వాటేసుకుంది. తరవాత నా వెనకున్న గ్రెగ్‌ను చూసింది. ఆమె మొహం మారిపోయింది.

“యూ టోల్డ్ అస్. కీప్ ఇట్ టోస్టీ, యువర్ పైప్స్ విల్ బి ఫైన్. వి డిడ్ ఎగ్జాక్ట్‌లీ దట్” అంది.

కొందరు యజమానులు ఆ చోట మాటలు వెతుక్కుంటారు. కంతలు మూయొద్దని లోపల స్టిక్కరు ఉంది కదా అంటారు. నిజానికి ఉంది కూడా, అల్మారా తలుపు లోపలివైపు, చిన్న అక్షరాల్లో. గ్రెగ్ ఆ ఊసే ఎత్తలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“అవును. నేనే చెప్పాను. అది తప్పు మాట” అన్నాడు.

ఆయన వెళ్ళి కిరణ్ పక్కన కూర్చున్నాడు. “నీకు పైపుల గురించి భయం పెట్టి పంపింది నేను. నువ్వు నీ ఇంటివాళ్ళకు నీళ్ళు తెద్దామనుకున్నావు, అంతే” అన్నాడు. ఒక యజమాని గురించి నేను ఏం చెప్పాలన్నా ఆ కారిడారులో చూసినదాన్ని బట్టే చెబుతాను.

మీకు కూడా ఒకటి చెప్పాలి. కిరణ్‌ది తెలివితక్కువతనం అనుకుంటే మీరు ఈ పనికి పనికిరారు. చలిగాలి పైపు మీదికి వస్తోంది, దాన్ని ఆపాలి. ఆలోచన సరిగ్గానే ఉంది. పైపులు కాపాడుకోవడమే మీ పని అని మనం చెప్పి పంపినప్పుడు, మనిషి దానికోసం చేయగలిగిందంతా చేస్తాడు. అందుకే ఏం చెబుతున్నాం అన్నదానితో పాటు, ఆ మాట విన్న మనిషి చలిలో, కంగారులో ఏం చేస్తాడో కూడా ఊహించి చెప్పాలి.

మార్చిన పద్ధతి

తిరిగి వచ్చేటప్పుడు సేమోర్ అనే ఊరు దాటాక గ్రెగ్ అడిగాడు.

“నీ డబ్బాల ఐడియా... ఒక్కో బండికి ఎన్ని కావాలి?”

“నాలుగైతే చాలు.”

“సోమవారం కొనేద్దాం.”

ఆ తరవాత మంచు సీజన్లో కొండలకు వెళ్ళే మా బండి ఒక్కటి కూడా నీళ్ళు నింపుకుని వెళ్ళలేదు. ట్యాంకు ఖాళీ, పైపులు ఖాళీ, వేడినీళ్ళ డ్రమ్ము ఖాళీ. నీళ్ళన్నీ లోపల డబ్బాల్లో. గాలి కంతల మీద టవలు నిలవకుండా ముందుకు పొడుచుకొచ్చే ఇనప జాలీలు నేనే తయారుచేసి బిగించాను. మంచాల దగ్గర విషవాయువు పసిగట్టి కూత పెట్టే అలారాలు పెట్టించాం. వంట పొయ్యి వంటకే, చలి కాచుకోవడానికి కాదు. పొగను బయటికి పంపే గొట్టమున్న హీటరే వాడాలి. బండి అప్పగించేటప్పుడు మొదట ఊపిరి గురించి చెప్పి, ఆ తరవాతే నీళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టాం.

కొంతమంది విసుక్కున్నారు. “ఇంత రెంట్ కట్టి బకెట్ బాతా?” అని క్రెయిగీబర్న్ నుంచి వచ్చిన మన తెలుగాయనే ఒకరు అడిగారు. “కొండ మీద బకెట్ బాత్ అండీ, కిందికి దిగాక ట్యాంకు నింపుకుని షవర్ చెయ్యండి” అన్నాను. కొందరు వేరే యార్డులకు పోయారు. గ్రెగ్ ఒక్కసారి కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు ట్యాంకు అడుగున అతికించే హీటింగ్ ప్యాడ్లు, కరెంటుతో వెచ్చబడే హోసులు వచ్చాయి. మంచివే. పైపులన్నీ లోపలి నేల మీదుగా వేసి, ట్యాంకును కూడా లోపలే పెట్టిన బండ్లు ఇంకా మంచివి. అలాంటిదైతే నీళ్ళతోనే పంపండి. కానీ బ్యాటరీ అయిపోతే ప్యాడ్ చల్లబడుతుంది, పార్కులో కరెంటు పోతే హోసు చల్లబడుతుంది. మీ ముందు నిలబడిన కుటుంబం ఎక్కడికి పోతోందో, అక్కడ రాత్రి ఎంత చలో మీకు తెలియకపోతే, ట్యాంకు ఖాళీ చేసి పంపండి. నా ఇన్నేళ్ళలో ఖాళీ పైపు ఒక్కటి కూడా చలికి చీలి నా దగ్గరికి రాలేదు.

సుబ్బారావు గారి రెండో ప్రయాణం

ఆ ఆగస్టులో ఒక శుక్రవారం సుబ్బారావు గారు కూతురిని వెంటబెట్టుకుని యార్డుకు వచ్చారు. నాకు కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారనుకున్నాను. అంతకుముందు వారమే కేరమ్ డౌన్స్ గుడిలో నా పేరున అర్చన చేయించారని సింధు ఫోనులో చెప్పింది. “మేము చర్చికి పోతాం బాబాయిగారూ” అంటే, “ఏం ఫర్వాలేదమ్మా, పైనున్నాయన రాసుకుంటాడు” అన్నారు. తరవాత నా వెనకున్న బండ్ల వైపు చూశారు.

“ఇందులో మాకేది ఇస్తున్నావ్?”

సింధు గబుక్కున తిరిగింది. “నాన్నా! థాంక్స్ చెప్పి వెళ్దామన్నావు కదా. మళ్ళీ ఆ వ్యాన్ ఎక్కేదే లేదు. నో వే.”

“ఎందుకే?”

“ఎందుకేంటి నాన్నా! నేను గడ్డి మీద నిన్ను పట్టుకుని... ఐ కాంట్ డూ దట్ ఎగైన్.”

ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నారు. వేళాకోళం పోయి గొంతు మెత్తబడింది.

“చూడమ్మా. వచ్చే నెల నేనెళ్ళిపోతాను. మళ్ళీ ఇంత దూరం రాగలనో లేదో. మంచు చూడకుండా ఎళ్ళిపోతే, నేను కన్ను మూసినప్పుడల్లా గుర్తొచ్చేది ఆ పార్కే. నీకూ అదే గుర్తుంటది. అది మార్చుకుని ఎళ్దాం.”

సింధు నా వైపు చూసింది. నన్ను అడుగుతోందని అర్థమైంది. ఇలాంటప్పుడు బండి అద్దెకిచ్చేవాళ్ళు చప్పున అవుననకూడదు. “ఈ రాత్రి ఇక్కడే, యార్డులో, నీ చేత్తో అన్నీ నేర్చుకో. నీకు ధైర్యం వస్తే రేపు ఎళ్ళండి. రాకపోతే వద్దు” అన్నాను.

ఆ సాయంత్రం ఆమె నేల మీద పడుకుని అడుగు వాల్వు తనే తిప్పింది. కుళాయిలు నడిమధ్యన తెరిచింది. పంపు గిన్నె విప్పి దులిపింది. అలారం బటను నొక్కి, అది కూసేసరికి ఉలిక్కిపడి, మళ్ళీ నొక్కింది. జాలీ మీద టవలు పెట్టి చూసింది. అది జారిపడింది. రెండోసారి పెట్టింది, మళ్ళీ పడింది. అప్పుడు లేచి చేతులు తుడుచుకుంది. సుబ్బారావు గారు మెట్టు మీద కూర్చుని అంతా చూస్తూ, “నిండు పైపే పగులుద్దా? సగం ఉంటే పగలదా?” అని నన్ను రెండుసార్లు అడిగారు. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతాయని, చోటు లేకపోతే గోడల్ని తోస్తాయని చెప్పాను. ఆయనకు నమ్మకం కుదిరినట్టు లేదు.

శనివారం మళ్ళీ ఆ కొండల వైపే బయల్దేరారు. ఆదివారం ఉదయం చర్చికి తయారవుతుంటే ఫోను మోగింది. సింధు నంబరు.

సుబ్బారావు గారి గొంతు. “అమ్మా రత్నా! పగిలిపోయింది!”

“ఏం పగిలింది బాబాయిగారూ? అందరూ బయటికి...”

“ఆ, బయటే ఉన్నాం, బయటే. సీసా అమ్మా! రాత్రి రెండు గాజు సీసాలు బయట పెట్టా. ఒకదాన్ని అంచు దాకా నింపి మూత బిగించా, రెండోదాన్ని సగమే నింపా. నిండుది నిలువునా చీలిపోయింది. సగందానికి ఏం కాలా. నువ్వు చెప్పింది నిజమే!”

వెనక సింధు నవ్వు వినబడింది. “ఆంటీ, పొద్దున్నించి పార్క్‌లో అందరికీ ఇదే చూపిస్తున్నారు. అన్వి చేత ఫోటో కూడా తీయించుకున్నారు. మేమంతా ఓకే. నైట్ హాయిగా పడుకున్నాం. డబ్బాలో నీళ్ళతో కాఫీ పెడుతున్నా, తలుపు తెరిచే.”

“ఆ గాజు ముక్కలు జాగ్రత్తగా ఏరెయ్యమ్మా” అన్నాను. అంతకంటే చెప్పాల్సిందేమీ కనబడలేదు.

“ఆయనే ఏరుతున్నారు. ఆంటీ, ఉండండి, మంచు పడుతోంది. ఇప్పుడే మొదలైంది. నాన్నా, పైకి చూడు! నాన్నా!”

ఫోను ఎవరి చేతిలోనో అలాగే ఉండిపోయింది. బూట్ల కింద గడ్డి కరకరలాడడం, అన్వి కేకలు వినిపిస్తున్నాయి. వాటి మధ్య సుబ్బారావు గారి నవ్వు. మా వారు కారు హారను కొట్టారు. నేను చెయ్యి ఊపి, కాస్త ఆగమన్నాను.